మూడో పెట్టెలో హాజరు

మా కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి. దుమ్ము పడితే డిస్కులు పాడవుతాయని మొదట్లో ఎవరో చెప్పిన మాట, పోనుపోను గుడి ఆచారంలా తయారైంది. మా మేనేజరు గురునాథరావు గారైతే గడపకు దండం పెట్టి మరీ లోపలికి వచ్చేవారు. బయట మే నెల భిలాయి ఎండ పెనంలా కాలుతుంటే లోపల నేను స్వెట్టర్ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ గదికి కిటికీలు లేవు. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, మొదటిది మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఎనిమిది గంటలు అందులో ఉండి బయటికి వస్తే ఇది పగలో సాయంత్రమో కాసేపటి దాకా తెలిసేది కాదు.

ఇది తొంభై నాలుగులో సంగతి. భిలాయి పక్కనే ఉన్న హథ్‌ఖోజ్‌లో మాది ఇనుము పోతపోసే ఫౌండ్రీ. చుట్టుపక్కల కంపెనీలన్నీ బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు కొంటుంటే మా సేఠ్‌కి మాత్రం గది నిండేది కావాలి. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన పెద్ద యంత్రాన్ని లారీలో వేయించి తెచ్చాడు. నన్ను అడిగితే ముసలి ఏనుగును కొని మురిసిపోవడమే. కానీ నన్ను అడిగేదెవరు?

ఆ ఏనుగుకు ఒక విద్య వచ్చు. ఉన్నది ఒక్క యంత్రమే అయినా, తెర ముందు కూర్చున్న ప్రతివాడికీ తనకో సొంత యంత్రం ఉన్నట్టు చూపించేది. స్టోర్సుకి ఒకటి, అకౌంట్సుకి ఒకటి, హాజరు వేసే టైమాఫీసుకి ఒకటి. అలా ముప్పై ఎనిమిది. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. యంత్రం ఉత్తుత్తిదైనా అందులో దాచుకున్న సంగతులు ఎక్కడో నిజంగా ఉండాలి కదా. అవి బీరువాలంత ఉన్న మూడు డిస్కు పెట్టెల్లో ఉండేవి. ఎవరి డిస్కు ఏ పెట్టెలో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండాలో చూసి రాసిపెట్టడం నా ఉద్యోగం. ఒకరి వాటా అంచు పక్కవాడి వాటా మీద పడితే ఇద్దరివీ నాశనం. అందుకని పెద్ద అట్ట మీద గీతలు గీసి పటం వేసుకున్నాను.

మొదటి పెట్టె కొత్తది. రెండోది ఫరవాలేదు. మూడోది ముసలిది, తిరుగుతున్నంతసేపూ పిల్లిలా సన్నగా కూసేది. ముఖ్యమైనవి మంచి పెట్టెలో పెడదామని, ఎక్కువగా వాడేవాటిని రెండు పెట్టెలకీ పంచుదామని నేను ఒక జాబితా రాసుకుని వెళితే గురునాథరావు గారు కళ్ళజోడు తీసి నవ్వారు.

"ఏటమ్మా వాణీ, ఎవరికి అవసరమో నువ్వు చూస్తావా? ముప్పై రెండేళ్ళు నేను స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో క్వార్టర్లు కేటాయించినాను. అవసరం అని అడిగితే అందరికీ అవసరమే. అంచేత అవసరం అడక్కూడదు. గ్రేడ్ అడగాల, జాయినింగ్ డేట్ అడగాల. సీనియారిటీ లిస్టు తయారుచెయ్యి. బస్, ఖతమ్."

"సార్, ఇవి క్వార్టర్లు కావండి, డిస్కులు."

"ఉండే చోటు ఏదైనా చోటే కదమ్మా."

ఆయన చెడ్డవాడు కాదు. విజయనగరం నుంచి చిన్నప్పుడే వచ్చి, రిటైరయ్యాక మా ఫౌండ్రీలో అడ్మినిస్ట్రేషన్ మేనేజరుగా చేరారు. క్వార్టర్ల కోసం ఊరంతా ఒకరి గొంతు ఒకరు పట్టుకునే చోట సీనియారిటీ జాబితా ఒక్కటే తన ప్రాణాన్ని కాపాడిందని ఆయన నమ్మకం. అలా మా మేనేజర్ల డిస్కులన్నీ మొదటి పెట్టెలో గృహప్రవేశం చేశాయి. అందరూ ఒకేసారి పని మొదలుపెట్టే పదిన్నరకి అది కదలలేక మూలిగేది. టైమాఫీసు గుమాస్తా సురేశ్ అందరికంటే చివర చేరినవాడు కాబట్టి అతని యంత్రానికి మూడో పెట్టెలో, చిట్టచివర, బాత్‌రూమ్ పక్క గది లాంటి చోటు దొరికింది. టేపుల మీద నకళ్ళు తీయడమూ అదే వరస. మొదటి పెట్టెకి రోజూ, రెండోదానికి వారానికోసారి, మూడోదానికి టేపులు మిగిలితే. ఎప్పుడూ మిగల్లేదు.

సురేశ్ డిస్కులో ఉన్నది అరవై నాలుగు మంది కాంట్రాక్టు కూలీల మూడేళ్ళ హాజరు. ఏడాదికి రెండు వందల నలభై రోజులు పని చేసినట్టు రుజువైతే వాళ్ళని పర్మినెంటు చేయాలని దుర్గ్ లేబర్ కోర్టులో కేసు నడుస్తోంది. కంప్యూటర్ వచ్చిందన్న సంబరంలో పాత హాజరు పుస్తకాలన్నీ యంత్రంలోకి ఎక్కించి, పాతకాగితాలు కొనే రద్దీవాడికి ఎత్తేశారు. అంటే ఆ అరవై నాలుగు మంది పని చేశారనడానికి భూమ్మీద మిగిలిన సాక్ష్యం మూడో పెట్టె చివర ఉన్న ఆ కాస్త జాగా.

ఆ అరవై నాలుగు మందిలో నూకమ్మ పిన్ని ఒకతె.

పిన్ని అంటే చుట్టం కాదు. మా అమ్మా ఆమే టెక్కలి దగ్గర ఒకే ఊరివాళ్ళు. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడాదంతా నాకు జడ వేసింది పిన్నే. పన్నెండేళ్ళుగా ఫౌండ్రీలో రేజా పని, అంటే ఆడకూలీ పని. రోజంతా ఇసుక తట్టలు మొయ్యాలి. మధ్యాహ్నం అన్నం తిని మా గది తలుపు దగ్గరికి వచ్చి, కింద సందులోంచి వచ్చే చల్లగాలికి కాళ్ళు చాపుకుని కూర్చునేది. లోపలికి రావడానికి ఆమెకి అనుమతి లేదు. నేను బయటికి వస్తే నా చెప్పులు ఎండ తగలకుండా గోడవారకి జరిపి ఉండేవి.

"కాలిపోతాయే తల్లీ," అనేది. "నీ గది సల్లగుంటాది, నీ సెప్పులు మటుకు కాలిపోతాయి. పర్మినెంటయితే నాకూ టోపీ, బూట్లు ఇస్తారంట. బూట్లేసుకుని ఒకపాలి మీ నాన్న ముందర నడుస్తాను సూడు."

మార్చి నుంచి మూడో పెట్టె తప్పులు లెక్కపెట్టి చూపించడం మొదలెట్టింది. చదవబోయి తడబడిన ప్రతిసారీ యంత్రం ఒక చీటీ రాస్తుంది. మొదట్లో రోజుకి రెండు మూడు. ఏప్రిల్ చివరికి నలభై. నేను మూడు సార్లు కాగితం రాసి ఇచ్చాను. హాజరు డిస్కుని మొదటి పెట్టెలోకి మార్చనివ్వండి అని.

"జాగా ఏదమ్మా?" అన్నారు గురునాథరావు గారు.

"కనకరత్నం గారిది ఉంది కదండీ."

కనకరత్నం గారు మా చీఫ్ ఇంజనీరు, నిరుడే రిటైరయ్యారు. మొదటి పెట్టెలో అందరికంటే పెద్ద వాటా ఆయనది. అందులో ఉన్నవి రెండు ఉత్తరాలు, ఒక క్లబ్బు సభ్యుల జాబితా. మిగతా అంతా ఖాళీ.

"రిటైరైనవాడిని వెంటనే వెళ్ళగొట్టేస్తామా? రిటైరయ్యాక కూడా కొన్నాళ్ళు ఉండనివ్వాల, రిటెన్షన్ అని ఉంటాది కదా. ఖాళీ చెయ్యమని నోటీసు ఇవ్వాల, గడువు ఇవ్వాల." ఆయన నా ముఖంలోకి చూసి, మెల్లగా అన్నారు. "రిటెన్షన్ సంగతి మీ ఇంట్లో అడుగు, చెప్తారు."

మా నాన్న అప్పలసూరి స్టీలు ప్లాంటులో రిటైరయి రెండేళ్ళు దాటింది. సెక్టర్ 2లో క్వార్టరు ఇంకా ఖాళీ చేయలేదు. ముప్పై ఏళ్ళు ఉన్న ఇల్లు, పెరట్లో ఆయన పాతిన మునగచెట్టు. వదలమంటే పసిపిల్లాడిలా ముఖం తిప్పుకునేవాడు. పాత ఆఫీసులో తనకు తెలిసినవాళ్ళకి చెప్పి ఆ ఫైలు కదలకుండా ఆపినది గురునాథరావు గారే. అది మేలే. ఆ మేలు తాడు లాంటిదని, ఒక కొస ఆయన చేతిలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికి వచ్చి నాన్నతో చెబితే ఆయన పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? వాళ్ళ హాజరు వాళ్ళు సూసుకుంటారు."

"కంద మన నూకమ్మ పిన్ని నాన్నా."

ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

నాకు కోపం వస్తే పని చేస్తాను. అదొక్కటే నాలో మంచి గుణం. ఆ శనివారం మధ్యాహ్నం అందరూ పెందలాడే వెళ్ళిపోయాక, కనకరత్నం గారి వాటాలో ఖాళీగా ఉన్న మేరలో ఒక మూల తీసుకుని, హాజరు మొత్తం అందులోకి నకలు చేశాను. తడబడుతూ తడబడుతూ మూడో పెట్టె అంతా చదివి ఇచ్చింది. తర్వాత ప్రతి శనివారం ఆ వారం హాజరు కలిపేదాన్ని. అట్ట మీది పటంలో మాత్రం గీత మార్చలేదు. పటం ప్రకారం హాజరు మూడో పెట్టెలోనే ఉంది. నిజంలో, ఖాళీ చేయని ఓ పెద్దమనిషి ఇంట్లో అద్దె లేకుండా కాపురం పెట్టింది. దొంగతనం చేసినంత భయం వేసింది. భయం కంటే సంతోషమే ఎక్కువ వేసింది, ఎందుకు అబద్ధం చెప్పడం.

మే ఇరవై మూడు, సోమవారం. ఏసీ ఆగిపోయి రెండు గంటలైంది. మూడో పెట్టె కూత పెంచి పెంచి, ఇనుము మీద ఇనుము గీకినట్టు అరిచి, ఆగిపోయింది. మెకానిక్ వచ్చి మూత తీసి చూసి, లోపల తిరిగే డిస్కు పళ్ళేలు గీరుకుపోయాయని, ఇంక ఏమీ రాదని చెప్పాడు.

గురునాథరావు గారు తల పట్టుకుంటారనుకున్నాను. ఆయన సేఠ్ గదిలోకి వెళ్ళి అరగంటలో తిరిగి వచ్చారు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది.

"మన వకీలు పంపినాడు. సంతకం పెట్టమ్మా."

చదివాను. కూలీల హాజరు మూడో డిస్కు మీద ఉండేదని, ఆ డిస్కు పూర్తిగా నాశనమైందని, వేరే నకలు ఎక్కడా లేదని, ఈ సంగతి డిస్కుల బాధ్యురాలైన సత్యవాణి అనే నేను ధృవీకరిస్తున్నానని. నా పటం నకలు కూడా దానికి జతపరిచారు. నా చేత్తో గీసిన గీతలు.

అప్పుడు అర్థమైంది, ఈ పెట్టె చావు కోసం పై వాళ్ళు ఎదురుచూస్తున్నారని. గురునాథరావు గారు జాబితా వేసినప్పుడు ఇది ఆలోచించి వేయలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ వచ్చిన ఫలితాన్ని వద్దనేంత ధైర్యం ఆయనకీ లేదు. నకలు ఉందని నోరు తెరిస్తే, అది చెరిపేయమనేది మొదటి మాట. ఎవరి అనుమతితో పెట్టావన్నది రెండో మాట. మూడో మాట సెక్టర్ 2కి వెళుతుంది. చెప్పకుండా సంతకం పెడితే పిన్ని బూట్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు తలుపుల మధ్య చిక్కుకుని, ఏదీ తెరుచుకోక నిలబడినట్టుంది.

"ఆలోచించడానికేముంది?" అన్నారాయన. "నాకూ ఇష్టం ఉండి కాదు. మీ నాన్న ఫైలు మొన్న మళ్ళీ పైకి వచ్చిందట. నేనే కింద పెట్టించినాను."

సంతకం పెట్టాను. నా పేరులో సత్యం ఉందని ఎవరూ గుర్తు చేయనక్కరలేదు, నాకే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం జీతాల చీటీలు అచ్చు కావాల్సి ఉంది. ఆ ప్రింటరు మొదలైతే పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. ఆ చప్పుడు చాటున హాజరు కూడా అచ్చు తీశాను. మనిషికో కాగితం, అరవై నాలుగు కాగితాలు. నూకమ్మ కాగితం మీద రెండు వందల అరవై ఒకటి, రెండు వందల యాభై నాలుగు, రెండు వందల నలభై తొమ్మిది అని ఉంది. మూడేళ్ళూ గట్టెక్కింది. మడిచి, టిఫిను సంచిలో గిన్నె కింద పెట్టుకుని గేటు దాటాను.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే పిన్ని అక్కడే కూర్చుని ఉంది. కబురు ఆమెకి చేరిపోయింది. నేను ఏం చెప్పాలా అని నిలబడితే ఆమే నా చేయి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

"మిసను సచ్చిపోతే నువ్వేటి సేస్తావే తల్లీ? నీ సేతిలో ఏటుంది? నువ్వు మటుకు తిండి మానీకు. మొకం పీక్కుపోనాది."

సంచి నా భుజాన ఉంది. గిన్నె కింద కాగితాలున్నాయి. చెయ్యి పెడితే అందుతాయి. రేపు ఇద్దాం అనుకున్నాను. వాయిదా జూన్ మూడున కదా, ఇంకా పది రోజులుంది, ఈలోగా నాన్నని ఒప్పించి ఇల్లు చూసుకుంటే ఎవరి తాడూ ఉండదు, అప్పుడు ఇద్దాం అనుకున్నాను. నాన్న ఒప్పుకోలేదు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ వైపు రెండు గదుల ఇల్లు చూసి వస్తే సిమెంటు దుమ్ములో చావమంటావా అన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రోజూ సంచి మోసుకెళ్ళాను, మోసుకొచ్చాను. గిన్నెలోంచి పప్పు ఒలికి పై కాగితానికి పసుపు మరక అయింది. పిన్ని రోజూ తలుపు దగ్గరే కూర్చునేది, నా చెప్పులు రోజూ నీడలోనే ఉండేవి. వాటిని తొడుక్కోవడానికి కాలు వెనక్కి పోయేది. ఒక రోజు ఆమె రాకముందే భోజనం లోపలే తిన్నాను. కుడితిలో పడ్డ ఎలుక కూడా ఒడ్డెక్కడానికి గిలగిలా కొట్టుకుంటుంది. నేను కుడితి తాగుతూ కూర్చున్నాను.

జూన్ మూడు పొద్దున లేచేసరికి నాన్న వరండాలో మునగచెట్టుని చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆయనకి చెప్పాను, ఇవాళ ఫౌండ్రీకి కాదు దుర్గ్ వెళుతున్నానని, కాగితాలు ఇచ్చేస్తానని, ఇల్లు పోతుందని.

"నూకమ్మకి ముందు సూపించు," అన్నాడు నాన్న. "సంతోసిస్తాది."

ఆరున్నరకల్లా హథ్‌ఖోజ్ బస్తీలో ఉన్నాను. పిన్ని గుడిసె ముందు తల మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు చుట్టుకుంటోంది. పనిలోకి వెళ్ళే చీర కట్టుకుంది.

"కోర్టుకి వెళ్ళవా పిన్నీ? ఇవాళే కదా వాయిదా?"

"నాకింకేటి కోర్టే. నిన్న సాయంకాలం ఏలిముద్ర ఏసీసినాను." చుట్టకుదురు ముడి బిగిస్తూనే చెప్పింది. "హాజరు కాలిపోనాది, కేసు నిలబడదు అని మా కంట్రాక్టరు ఠేకేదారు వచ్చి సెప్పినాడు. కేసు ఒగ్గీసినోళ్ళని పనిలో ఉంచుతాడంట, ఒగ్గనోళ్ళకి గేటు బందంట. ఇరవై ముగ్గురం ఏసీసినాం. ఏటి సేస్తాం, పొద్దున లేస్తే పొయ్యి ఎలగాల కదా."

నేను సంచిలోంచి కాగితాలు తీశాను. పసుపు మరక పడ్డ పై కాగితం ఆమెదే. ఆమె చేతిలో పెట్టాను.

"ఇదేటి?"

"నీ హాజరు పిన్నీ. మూడేళ్ళదీ. కాలిపోలేదు. నేను వేరే చోట దాచాను."

ఆమెకి చదువు రాదు. కాగితాన్ని తిప్పి చూసింది, మరకని వేలితో తుడిచి చూసింది. ఆ ముఖం వెలుగుతుందేమోనని వెర్రిదానిలా ఎదురుచూశాను. ఆమె మరకనే చూస్తోంది.

"ఎన్నాళ్ళనించుంది ఇది నీకాడ?"

"పదకొండు రోజులు."

"నాను నీ తలుపుకాడ కూసున్నప్పుడు?"

"సంచిలోనే ఉంది."

తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని చెంప మీద కొట్టి ఉంటే కాళ్ళ మీద పడి ఉండేదాన్ని. కాగితాన్ని నా చేతిలో తిరిగి పెట్టి, ఇసుక తట్ట చంకన పెట్టుకుంది.

"ఒగ్గనోళ్ళు నలభయ్యొక్కమంది ఉన్నారు. ఏడింటి బస్సెక్కుతారు. పరిగెట్టు."

పరిగెత్తాను. బస్సులో వాళ్ళ నాయకుడు శ్యామసుందర్ పక్కన నిలబడి ఒక్కొక్క పేరూ చదువుతూ కాగితాలు పంచాను. కోర్టులో నా సంతకాన్ని నేనే అబద్ధమన్నాను, పటంలోని నా గీత తప్పన్నాను, యంత్రంలో అసలు ఎక్కడుందో చోటు చెప్పాను. కంపెనీ వకీలు నన్ను చూసిన చూపు నాకు తగిలినట్టే లేదు. వేలిముద్ర వేసినవాళ్ళ సంగతి అడిగితే, రాజీ పడిపోయారు కాబట్టి వాళ్ళకి ఈ కేసులో ఏమీ లేదన్నారు జడ్జి గారు.

మర్నాడు నా ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా క్వార్టరు ఖాళీ చేశాం. నాన్న మునగకొమ్మ ఒకటి నరికి తెచ్చి జాముల్‌లో మా రెండు గదుల ముందు పాతాడు. సిమెంటు దుమ్ములోనే చిగురించింది. రెండేళ్ళకి నలభై ఒక్కమందీ పర్మినెంటయ్యారు. శ్యామసుందర్ టోపీ, బూట్లతో మా ఇంటికి వచ్చి మిఠాయి ఇచ్చి వెళ్ళాడు.

పిన్ని మోకాళ్ళు అరిగిపోయేదాకా ఇసుక మోసింది. బజారులో కనిపిస్తే ఆగేది, నాన్న ఎలా ఉన్నాడని అడిగేది, అన్నం తిన్నావా అని అడిగేది. మునుపటిలా తల్లీ అని మాత్రం ఎప్పుడూ పిలవలేదు.

మిగిలిన ఇరవై మూడు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. పసుపు మరకది పైన ఉంటుంది. బీరువాలో పెట్టి చూశాను, అమ్మ ఫోటో వెనక పెట్టి చూశాను, ట్రంకు పెట్టె అడుగున పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది మంది డిస్కులకి చోటు చూసినదాన్ని, ఆ ఒక్క కాగితం ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.